కెమిస్ట్రీని తిట్టుకుంటున్న నీకు

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నవ్వాగలేదు. "గుండె గురించి నేర్పుతారనుకుంటే సోడియం గురించి చెబుతున్నారేంట్రా" అంటావా! ఆ గుండె కొట్టుకునేదే సోడియం, పొటాషియం, కాల్షియంల చలవతో.

పరమాణువు బొమ్మలు, బంధాల రకాలు ఓ మాదిరిగా వస్తే చాలు, టెన్షన్ పడకు. అయాన్ల (విద్యుదావేశం ఉన్న పరమాణువుల) దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చో. ఆ ఆవేశం వల్ల అయాన్ కణత్వచంలోని కొవ్వు పొరను తనంతట తాను దాటలేదు, ప్రోటీన్ దారి చూపించాలి. నాడీమండలం పాఠానికి ఇదే పునాది. కణం బయట సోడియం లీటరుకు దాదాపు 140 మిల్లీమోల్స్ ఉంటే, లోపల 10-15కి మించదు. పొటాషియంది సరిగ్గా తలకిందులు: లోపల 140, బయట 4 లేదా 5. ఈ తేడా చెరిగిపోకుండా కాసేది సోడియం-పొటాషియం పంపు. ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుచేసి 3 సోడియం అయాన్లను బయటికి నెడుతుంది, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. 1957లో యెన్స్ స్కౌ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పీత నరాల మీద పనిచేస్తూ దీన్ని పట్టుకున్నాడు. నోబెల్ 1997లో వచ్చింది, అదీ కెమిస్ట్రీలో! ఇప్పుడు తిట్టు చూద్దాం.

పీహెచ్ కూడా తేలిగ్గా తీసుకోకు. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత అది, అంకె తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. రక్తానికి 7.35 నుంచి 7.45 దాకానే చోటు. 7.4 కాస్తా 7.1 అయితే "ఎంత, 0.3 యేగా" అనిపిస్తుంది. కానీ అది లాగరిథమ్ లెక్క, హైడ్రోజన్ అయాన్లు రెట్టింపైనట్టు. అప్పుడు ఊపిరి వేగం పెరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, ఆమ్లం తగ్గుతుంది. శ్వాస పాఠంలో ఇదే మళ్లీ ఎదురవుతుంది.

మైక్రోబయాలజీలో బ్యాక్టీరియా పేర్ల జాబితా ముందేసుకుని బట్టీ పట్టకు, నా మాట విను. మన కణానికి లేనిది దానికేముందో చూడు. పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన గోడ ఉంది. పెన్సిలిన్ కొట్టేది ఆ గోడ కట్టే పనినే, అందుకే మన కణాల జోలికి రాదు. 1884లో గ్రామ్ అనే శాస్త్రవేత్త చూపిన రంగు పరీక్ష కూడా గోడ సంగతే: మందపు గోడ ఊదారంగును పట్టుకుంటుంది, పలచటిది వదిలేసి గులాబీరంగు తీసుకుంటుంది. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములూ వేరే, బ్యాక్టీరియావి 70ఎస్ (చిన్నవి), మనవి 80ఎస్ (పెద్దవి). అయితే కణానికి శక్తి తయారుచేసే మన మైటోకాండ్రియాలోని రైబోజోములకు బ్యాక్టీరియా పోలికలున్నాయి. లినెజోలిడ్ లాంటి యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు వాడితే కొందరికి ఇబ్బంది వచ్చేది అక్కడే. వైరస్‌కు గోడా లేదు, రైబోజోములూ లేవు. ఇక వైరస్ తెచ్చే జలుబుకు పెన్సిలిన్ ఏం చేస్తుంది చెప్పు?

ద్రవాభిసరణం బుర్రకెక్కడం లేదన్నావు. కణత్వచం గుండా నీరు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పోవడమే అది. ఎర్ర రక్తకణాన్ని శుద్ధమైన నీళ్లలో వేస్తే నీరు లోపలికి దూసుకెళ్లి, ఉబ్బి పగిలిపోతుంది. 0.9 శాతం సెలైన్‌లో వేస్తే చెక్కుచెదరదు. మరి 3 శాతం ఉప్పునీళ్లలో వేస్తే? పుస్తకం తెరవకుండా జవాబు రాసి పంపు.

నీ
మిత్రుడు