వేసవి శిబిరాల్లో రోబోలకూ చోటివ్వండి

సంపాదకులకు,
ఎండాకాలం సెలవులొస్తే నాంపల్లి బాలభవన్‌లో డ్యాన్స్, సంగీతం నేర్పుతారు, జీహెచ్ఎంసీ మైదానాల్లో ఆటలుంటాయి, బాగానే ఉంది, మరి వీటి పక్కన రోబోటిక్స్ కూడా పెడితే ఏం పోయింది? పోయినేడు మా కాలనీ శిబిరంలో మావాడు ఆర్డుయినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, రెండు మోటార్లు, శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్‌తో చిన్న బండి చేశాడు. గోడ దగ్గర ఆగాల్సింది పోయి గుద్దేసేది. శబ్దం వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని సగం చేయడం మర్చిపోయాడట, దూరం రెట్టింపు చూపించింది. ఆ తప్పు తనే పట్టుకున్న రోజు అన్నానికి కూడా రాలేదు! కానీ చేరింది ఆరుగురే. గేటుకు ఒక కాగితం అంటించి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? మార్చిలోనే సర్కారు బడులకు, బస్తీలకు వెళ్లి తెలుగులో, ఉర్దూలో చెప్పండి, ఆ బండిని పిల్లల ముందు నడిపి చూపించండి. ఫీజు మాత్రం వేలల్లో పెట్టకండి.

- ఒక తండ్రి, హైదరాబాద్