ఆపరేషన్ థియేటర్‌లో బ్రష్షు తీసేసి హ్యాండ్ రబ్ ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వాసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఏటా మే 5న చేతుల శుభ్రత దినోత్సవమని ఫ్లెక్సీ కడతాం, చేతులు ఎలా కడుక్కోవాలో అందరికీ చేసి చూపిస్తాం. మంచిదే, చెయ్యాల్సిందే. కానీ మర్నాడు పొద్దున్నే సిజేరియన్‌కి స్క్రబ్ అవుదామని, అంటే ఆపరేషన్‌కి ముందు చేతులు తోముకుందామని వెళితే కుళాయిలో నీళ్లు దారంలా కారుతుంటాయి. మోచేతుల దాకా ఐదు నిమిషాలు తోముకోవాలంటే ఎలా చెప్పండి? ఎండాకాలంలో ట్యాంకర్ రాని రోజున ఆయమ్మ మగ్గుతో నీళ్లు పోస్తుంటే డాక్టరుగారూ నేనూ ఒకరి తర్వాత ఒకరం కడుక్కుని లోపలికి వెళ్లిన సందర్భాలున్నాయి. ఆ రోజంతా నాకు టెన్షనే, ఆ తల్లి కుట్లకు చీము పట్టకూడదని.

ఇక బ్రష్షు సంగతి. రోజుకు ఐదారు కేసులుంటే అన్నిసార్లూ దాంతో రుద్దాలి. వేళ్ల సందుల్లో తోలు లేచిపోతుంది. రాత్రి ఇంటికెళ్లి అన్నంలో ఆవకాయ కలుపుకుంటే చురుక్కుమని మంట, అందుకని చెంచాతో తినడం అలవాటు చేసుకున్నాను. నా బాధ సరే, చిట్లిన చర్మంలో క్రిములు ఇంకా ఎక్కువ చేరతాయి, అసలు భయం అది. ఆపరేషన్‌కి ముందు చేతులు తోముకోవడానికి బ్రష్షు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఇన్నేళ్లయినా మా సింకు పక్కన అది అలాగే ఉంది.

బదులుగా వాడాల్సింది ఆల్కహాల్ హ్యాండ్ రబ్, అంటే చేతులకు పూసుకుని ఆరనిచ్చే ఆల్కహాల్ ద్రవం. థియేటర్‌లోకి వచ్చేటప్పుడు ఒకసారి మామూలు సబ్బుతో కడుక్కుని, గోళ్ల కింద మట్టి తీసేసి, చేతులు బాగా ఆరాక మొదలుపెట్టాలి. ఎడమ అరచేతిలో కొంచెం పోసుకుని కుడిచేతి వేళ్ల కొసలు అందులో ముంచి, తర్వాత మోచేతి దాకా పూసుకోవాలి. రెండో చేతికీ అంతే. ఆఖరున మళ్లీ పోసుకుని రెండు చేతులూ మణికట్టు దాకా రుద్దుకోవాలి. పూర్తిగా ఆరేదాకా గ్లవ్స్ వేసుకోకూడదు. నీళ్లూ అక్కర్లేదు, తువ్వాలూ అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో ఆరు సర్జరీ విభాగాల్లో నాలుగు వేలమందికి పైగా రోగుల మీద రెండు పద్ధతుల్నీ పోల్చి చూసి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ చేసినచోట ఇన్ఫెక్షన్ వచ్చింది హ్యాండ్ రబ్‌తో 2.44 శాతం మందికి, తోముకోవడంతో 2.48 శాతం మందికి. అంటే తేడా లేనట్టే. పైగా హ్యాండ్ రబ్ వాడినవాళ్ల చేతులే బాగున్నాయి, పద్ధతి ప్రకారం చేసింది కూడా వాళ్లే ఎక్కువ.

ఖర్చు అంటారేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థే ఇచ్చిన ఫార్ములా ఉంది: ఇథనాల్ 80 శాతం, గ్లిజరిన్ 1.45 శాతం, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.125 శాతం, మిగతాది మరగకాచి చల్లార్చిన నీళ్లు. చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్, సీసాలో ఏమైనా స్పోర్లు (గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే క్రిములు) ఉంటే చావడానికి పెరాక్సైడ్. కలిపాక 72 గంటలు పక్కన పెట్టి వాడుకోవాలి. ఫార్మసిస్టు ఉన్న ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా కలుపుకోవచ్చు. స్పిరిట్ ఎవరైనా తాగేస్తారని స్టోరువాళ్లు భయపడతారు. 2020లో కురిచేడులో శానిటైజర్ తాగి ప్రాణాలు పోయిన జిల్లా మాది, ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. గోడకు బిగించి తాళం వేసే స్టాండులో పెట్టి, రిజిస్టర్‌లో రాసి ఇవ్వండి. నొప్పికిచ్చే మత్తుమందు మార్ఫిన్‌ని అలాగే కదా దాస్తున్నాం!

అన్నిచోట్లా ఇదే సరిపోతుందని మాత్రం అనను. చేతికి రక్తమో మలమో అంటితే సబ్బూ నీళ్లే కావాలి. కొన్ని రకాల విరేచనాల క్రిముల స్పోర్లు ఆల్కహాల్‌కి చావవు, ఆ రోగుల దగ్గరా అంతే. కాబట్టి కుళాయి బాగుచేయడం మానొద్దు.

వార్డుల్లో ప్రతి మంచం దగ్గరా ఒక సీసా, ప్రతి థియేటర్‌లో ఒక స్టాండు. ఏడాది పొడవునా ఆగకుండా సరఫరా కావాలి, ఏదో తనిఖీ ఉన్న వారం మాత్రమే కాదు. అధికారులు ఈ మాట పట్టించుకునేలా మీరు రాయాలని వేడుకుంటున్నాను. మా థియేటర్‌లో స్టాండుకి చోటు కూడా చూసిపెట్టాను, సింకుకీ తలుపుకీ మధ్య, మోచెయ్యి అందే ఎత్తులో.

ఇట్లు,
ఒక థియేటర్ నర్సు,
ప్రకాశం జిల్లా