పన్నెండు నెలల బిల్లులు చూడకుండా సోలార్ అమ్మొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను కుషాయిగూడలో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా ఏసీలు, ఫ్రిజ్‌లు, గీజర్లు బాగుచేస్తున్నాను. ఈసీఐఎల్, సైనిక్‌పురి, నాచారం, మల్కాజిగిరి వైపు నాకు పాత కస్టమర్లు ఉన్నారు. ఈమధ్య ఎవరింటికి వెళ్లినా ఏసీ సంగతి తర్వాత, ముందు సోలార్ గురించే అడుగుతున్నారు. "అన్నా, జీరో బిల్లు వస్తదంటున్నరు, నిజమేనా?" అని. పేపర్లో, ఫోన్లో, గేటుకు కట్టిన పాంప్లెట్లో అంతా అదే మాట. నా ఇంటి మీద కూడా సోలార్ ఉంది. దానివల్ల లాభపడ్డాను, పెట్టించుకోండి అనే చెబుతాను. కానీ అమ్మే తీరు చూస్తే బాధగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మల్కాజిగిరిలో ఒక పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరే ఉంటారు. పెన్షన్ మీద బతుకు. వాళ్లకు ఒక ఏజెన్సీ మనిషి 5 కిలోవాట్ల సోలార్‌కు 3 లక్షలకు కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. "ఇది పెట్టుకుంటే 78 వేల సబ్సిడీ పూర్తిగా వస్తుంది మేడమ్" అన్నాడట. నేను ఆవిడను పాత బిల్లులు తీసుకురమ్మన్నాను. ఆవిడ అన్నీ వరుసగా దారం కట్టి దాచుకున్నారు. ఎనిమిది నెలలు 190 యూనిట్ల దగ్గర, చలికాలంలో రెండు నెలలు 220, ఎండాకాలంలో రెండు నెలలు 300. మొత్తం కలిపితే ఏడాదికి 2,560 యూనిట్లు.

మన హైదరాబాద్ ఎండకు ఒక కిలోవాటు సోలార్ నెలకు సుమారు 115 నుంచి 120 యూనిట్లు ఇస్తుంది. అంటే వాళ్ల అవసరానికి 2 కిలోవాట్లు పెడితే చాలు, కాస్త మిగులుతుంది కూడా. 5 కిలోవాట్లు పెడితే ఏడాదికి 7 వేల యూనిట్ల దాకా వస్తాయి. ఇంట్లో వాడగా మిగిలింది కరెంటు లైన్లోకి వెళ్లి తర్వాతి నెల లెక్కకు జమ అవుతుంది, నిజమే. కానీ చివరికి వాడకుండా మిగిలిన యూనిట్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే రేటు, మనం పెద్ద స్లాబులో, అంటే వాడకం ఎక్కువైనప్పుడు, కొనే రేటు కంటే బాగా తక్కువ. ఇక సబ్సిడీ లెక్క చూడండి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల చొప్పున 60 వేలు, మూడో కిలోవాటుకు 18 వేలు ఇస్తారు. 78 వేలతో ఆగిపోతుంది. 3 పెట్టినా, 5 పెట్టినా, 10 పెట్టినా అదే 78 వేలు. అంటే ఆ పెద్దాయన 2 బదులు 5 పెడితే అదనంగా పెట్టిన మూడు కిలోవాట్లకూ కలిపి వచ్చేది 18 వేలే. ఆ ముక్క ఆ మనిషి చెప్పలేదు.

వాళ్ల కరెంటు చార్జీ ఏడాదంతా కలిపితే 12 వేల చిల్లర. సబ్సిడీ పోను 2 లక్షల 20 వేలు పెట్టి ఆ 12 వేలు మిగుల్చుకోవాలంటే అసలు తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే చెప్పండి. ఆయన వయసు డెబ్బై దాటింది.

ఇక్కడ మన స్లాబుల గురించి చెప్పాలి. చాలామందికి దీని లోతు తెలియదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం, నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడేవాళ్లకు మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున పడతాయి. 200కి 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే, ఆ ఒక్క యూనిట్‌కే రేటు మారి ఊరుకోదు. మొదటి 200 కూడా 5.10కి వెళ్లిపోతాయి, పైది 7.70. బిల్లు 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! తర్వాత 300 దాటితే యూనిట్ 9 రూపాయలు, 400 దాటితే 9.50. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉన్న ఇళ్లలో ఈ దెబ్బ ఇంకా పెద్దది. 200 లోపు ఉంటే సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాల్సిందే.

ఆ పెద్దాయన ఇంట్లో చలికాలం 220 ఎందుకు వస్తోందో గీజర్ చూస్తే తెలిసిపోయింది. 25 లీటర్ల గీజర్ స్విచ్ పొద్దున వేస్తే రాత్రి దాకా ఆపరు. "ఫైవ్ స్టార్ కదా బాబూ, కరెంటు తినదు" అన్నారావిడ. ఆ స్టార్లు దేనికిస్తారో షాపులో ఎవరూ చెప్పరు. కాగిన నీళ్లు ట్యాంకులో ఊరికే నిలవున్నప్పుడు ఎంత వేడి పోతుందన్న దాన్ని బట్టే గీజర్ స్టార్లు. నీళ్లు కాచడానికి అన్ని గీజర్లూ దాదాపు ఒకేలా కరెంటు తీసుకుంటాయి. ఫైవ్ స్టార్ అయినా రోజంతా వేసి ఉంచితే అర యూనిట్, ముప్పావు యూనిట్ ఊరికే పోతూనే ఉంటుంది. స్నానానికి ముందు వేసి, అయ్యాక ఆపమన్నాను, థర్మోస్టాట్ తగ్గించాను. ఆ తర్వాతి నెల రీడింగ్ 198. యూనిట్ల చార్జీ 1,174 నుంచి 810కి దిగింది. ఇరవై రెండు యూనిట్లు తగ్గితే 364 రూపాయలు మిగిలాయి. ఇందుకు రూపాయి పెట్టుబడి లేదు.

సోలార్ అవసరం లేదని నేను అనడం లేదు. మా ఇంట్లో మేం ఐదుగురం, రెండు ఏసీలు. ఎండాకాలం 500 యూనిట్లు దాటేది, చలికాలం 250. సగటున నెలకు 350. అందుకే 3 కిలోవాట్లు పెట్టించాను. 1 లక్షా 95 వేలు అయింది, 78 వేలు ఖాతాలో పడ్డాయి. ఏడాదికి పాతిక వేల పైనే మిగులుతోంది. నాలుగున్నరేళ్లలో పెట్టింది వచ్చేస్తుంది, ప్యానెళ్లు ఇరవై ఐదేళ్లు పనిచేస్తాయి. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ను మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు, దానికి కొంత పక్కన పెట్టుకోవాలి. నెలకు 300 పైన వాడే ఇంటికి, సొంత డాబా ఉంటే, ఇంతకంటే మంచి బేరం లేదు. 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు అప్పు కూడా ఇస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్ తీసుకునేటప్పుడు ఆ తగ్గింపు అందులో కనిపిస్తోందో లేదో చూసుకోండి.

పెట్టించుకునేవాళ్లకు అనుభవంతో కొన్ని మాటలు. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు మన దేశంలో తయారైనవే ఉండాలి. తక్కువకు ఇస్తామని వేరే ప్యానెళ్లు చూపిస్తే ఒప్పుకోవద్దు. కరెంటు బిల్లు మీద పేరు ఎవరిదో చూసుకోండి. చాలా ఇళ్లలో ఇంకా చనిపోయిన నాన్న పేరే ఉంటుంది, ముందు అది మార్పించుకోకపోతే సబ్సిడీ దగ్గర ఆగిపోతారు. పైన అద్దెకు ఇచ్చి రెండు మీటర్లు ఉంటే, సోలార్ ఒక మీటరుకే పనికొస్తుంది. కిలోవాటుకు వంద చదరపు అడుగుల నీడ లేని జాగా కావాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా దానితో కలిపి కట్టిన మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గుతుంది. ఇంకొకటి, ఎవరూ ముందు చెప్పనిది: బ్యాటరీ లేని సోలార్, లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదని అలా చేస్తారు. అది మంచికే. కానీ "ఇక కరెంటు కోత బాధ లేదు" అని చెప్పి అమ్మడం తప్పు.

మా వైపు చర్లపల్లి ఫ్యాక్టరీల దుమ్ము ఎక్కువ. ప్యానెళ్లు కడగకపోతే ఉత్పత్తి పడిపోతుంది. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి ఉప్పు చారలు అంటుకుపోతాయి, గోకినా పోవు. నేను ఏసీ పైపు నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి వాటితో తుడుస్తాను. గాల్లో తేమ చల్లబడి వచ్చిన నీళ్లు కాబట్టి ఉప్పు ఉండదు. మెత్తటి గుడ్డ, తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. ఎండలో కాగిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయొద్దు.

ఇప్పుడు హీట్ పంప్, అంటే బయటి గాలిలోని వేడిని లాగి ఇంటినో నీళ్లనో వేడి చేసే మిషన్. సైనిక్‌పురిలో నా కస్టమర్లలో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. "మా అబ్బాయి అక్కడ హీట్ పంప్ పెట్టించాడు, బిల్లు తగ్గిందట, ఇక్కడ కూడా పెట్టు" అంటారు. అక్కడ దాని అవసరం వేరు. ఆరు నెలల చలిలో ఇల్లంతా వెచ్చగా ఉంచాలి, దానికి గ్యాసో ఆయిలో కాల్చేవారు. వాళ్ల ప్రభుత్వం హీట్ పంప్ ఖర్చులో 30 శాతం, 2 వేల డాలర్ల దాకా పన్నులో తగ్గించేది. ఇంటి సోలార్‌కు కూడా 30 శాతం ఇచ్చేది. 2025 డిసెంబరు 31తో ఆ రెండూ ఆగిపోయాయి. మనకు ఇల్లు వేడి చేసే పనే లేదు, ఉన్నదల్లా స్నానం నీళ్లు.

హీట్ పంప్ అంటే నా లెక్కలో తిరగేసిన ఏసీ. ఏసీ గదిలోని వేడిని తీసి బయట పారేస్తుంది. ఇది బయటి గాలిలోని వేడిని తీసి నీళ్లలో వేస్తుంది. కంప్రెసర్, గ్యాస్, కాయిల్ అన్నీ అవే. వేడిని పుట్టించదు, మోస్తుంది, అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్లకు పైగా వేడి ఇస్తుంది. మన జనవరి చలి కూడా దానికి పెద్ద లెక్క కాదు. మిషన్ మంచిదే. కానీ నలుగురున్న ఇంటికి వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే 2.3 యూనిట్లు చాలు. హీట్ పంప్‌తో అది ముప్పావు యూనిట్. రోజుకు యూనిటున్నర మిగిలితే, ఐదు నెలల చలికాలానికి 230 యూనిట్ల లోపు, అంటే సుమారు 2 వేల రూపాయలు. నేను అమర్చిన 200 లీటర్ల హీట్ పంప్ లక్షకు పైనే పడింది. చిన్న కుటుంబానికి అది ఏనాటికీ గిట్టదు. వచ్చిన ఆర్డర్ పోతుందని తెలిసినా వద్దనే చెప్పాను. మిషన్ అమ్మితే నాకు కమిషన్ వస్తుంది, కానీ రేపు మళ్లీ అదే ఇంటికి ఏసీ సర్వీసింగుకు వెళ్లాల్సింది నేనే.

మరి ఎవరికి గిట్టుతుంది? అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు. యాభై మంది పిల్లలున్న చోట రోజుకు 1,500 లీటర్ల వేడినీళ్లు కావాలి. గీజర్లతో 35 యూనిట్లు, హీట్ పంప్‌తో 11 లేదా 12. నెలకు 700 యూనిట్లు మిగులుతాయి. పెద్ద ఉమ్మడి కుటుంబాలకు, ఆస్పత్రులకు కూడా పనికొస్తుంది. బోరు నీళ్లయితే మాత్రం నీళ్లలోని సున్నం తీసే సాఫ్ట్‌నర్ తప్పనిసరి. విప్పిన గీజర్ కాయిల్ మీద సున్నం వేలు మందాన పట్టి ఉండడం నేను రోజూ చూస్తాను. హీట్ పంప్ లోపల అదే పడితే వేడి నీళ్లకు అందదు, కరెంటు మాత్రం కాలుతుంది. సోలార్ వాటర్ హీటర్లు మన ఊళ్లో ఎన్నో డాబాల మీద మూలనపడింది కూడా ఈ సున్నం వల్లే.

సూర్యఘర్ పథకంలో హీట్ పంప్‌కు సబ్సిడీ లేదు. ఇళ్లకు లేకపోయినా ఫర్వాలేదు, హాస్టళ్లకు ఇస్తే చలికాలం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా పడే లోడు బాగా తగ్గుతుంది. దీన్ని రాష్ట్ర ప్రభుత్వం ఆలోచించాలి. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలు కేంద్రం ఇచ్చే 78 వేలకు తమ వంతు 30 వేలు కలిపి 1 లక్షా 8 వేలు చేశాయి. మన దగ్గర అలా ఇచ్చే పనైతే, 2 కిలోవాట్ల వాళ్లకే ఇవ్వమని నా మనవి. 200 గీతకు అటూ ఇటూ ఊగే మధ్యతరగతి ఇళ్లకు అదే సరిపోతుంది. అపార్టుమెంట్ల గురించి కూడా ఒక మాట. సొసైటీ ఉమ్మడి అవసరాలకు, అంటే లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లకు, కిలోవాటుకు 18 వేల సబ్సిడీ ఉంది. మెయింటెనెన్స్ చార్జీలు పెరుగుతున్నాయని గొడవపడే అసోసియేషన్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

డిస్కం వారిని అడిగేది ఒక్కటే. బిల్లుకు వెనకవైపు కూడా ఉంది. అక్కడ ఆ సర్వీసు నంబరు మీద గత పన్నెండు నెలల్లో వాడిన యూనిట్లు, దానికి ఎన్ని కిలోవాట్లు సరిపోతాయి, సబ్సిడీ పోను సుమారుగా ఎంత పడుతుంది, ఈ మూడు ముక్కలు తెలుగులో అచ్చు వేయండి. ఏజెన్సీలు కొటేషన్ మీద కూడా ఆ యూనిట్ల లెక్క రాసి తీరాలని నిబంధన పెట్టండి. మీ పత్రిక కూడా సోలార్ ప్రకటనలు వేసే పేజీలోనే ఒక మూల ఈ స్లాబు లెక్క వేస్తే బాగుంటుంది. మార్చిలో ఏసీలు మొదలయ్యే లోపు వేస్తే, ఎండాకాలం బిల్లు చూసి భయపడి సంతకాలు పెట్టేవాళ్లకు అది ముందే చేతికందుతుంది.

ఇట్లు,
ఒక ఏసీ మెకానిక్,
కుషాయిగూడ, హైదరాబాద్