ప్రాణమున్నదా, లేనిదా?

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

సూరీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. పరీక్ష పేపర్ల కట్టల కింద పడి ఉన్నాను, తిట్టుకోకు. పిల్లల్ని స్కానింగు యంత్రంలో పడుకోబెడితే ఎవరికి పాఠం ఎక్కిందో తెలిసిపోదా, ఇక పరీక్షలెందుకు అని అడిగావు. పేపర్లు దిద్దని వాడివి, నీకేం, ఏమైనా అడుగుతావు!

ముందు మా ఇంటి భాగోతం విను. మేనల్లుడు ఐదో తరగతి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మొన్న పాఠం చదవమంటే ఎక్కడా తడుముకోకుండా గడగడా చదివేశాడు. అక్క మురిసిపోయింది. "ఇందులో ఏముందిరా?" అని తెలుగులో అడిగాను. కాసేపు నా మొహం చూసి, "మళ్లీ చదవనా మామయ్యా?" అన్నాడు.

ఆ "మళ్లీ చదవనా" దగ్గరే ఉంది చిక్కంతా. ఎన్నిసార్లు చదివామన్నది కాదు, చదివినదాన్ని ఎంత లోతుకు తీసుకెళ్లామన్నదే ముఖ్యమని 1972లోనే క్రెయిక్, లాక్‌హార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అన్నారు. 1975లో క్రెయిక్, టుల్వింగ్ దాన్ని పరీక్షించారు. ఒక్కో పదం చూపిస్తూ అది పెద్ద అక్షరాల్లో ఉందా, ఫలానా పదంతో ప్రాస కలుస్తుందా, ఫలానా వాక్యంలో ఇముడుతుందా అని అడిగారు. అర్థం గురించి అడిగిన పదాలే బాగా గుర్తున్నాయి. నాకు మరీ నచ్చింది వేరే ఉంది. అక్షరాల ప్రశ్నను కావాలనే కష్టం చేసి, జవాబుకు ఎక్కువసేపు పట్టేలా చేసినా జ్ఞాపకం మెరుగుపడలేదు! మావాడు తెల్లవార్లూ చదివినా ఇంతేనన్నమాట.

మెదడు చిత్రాలు ఆ తర్వాతి మాట. 1994లో టొరంటోలో, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే పెట్ స్కాన్ తీస్తూ, ఒకసారి పదంలో ఫలానా అక్షరం ఉందా అని, ఇంకోసారి అది ప్రాణమున్నదా లేనిదా అని అడిగారు. రెండో ప్రశ్నకు నుదుటి వెనక ఎడమవైపు కింది భాగం ఎక్కువ పనిచేసింది. 1998లో ఎంఆర్ఐతో చూస్తే, తర్వాత గుర్తున్న పదాల దగ్గర ఆ భాగం మరచిపోయిన వాటి దగ్గరకంటే చురుగ్గా ఉంది.

అయినా నీ ఆశ తీరదు. ఎంఆర్ఐ యంత్రానికి కనిపించేది ఆలోచన కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పు. అదీ ఐదారు సెకన్లు ఆలస్యంగా. పైగా ఆ హోరులో కదలకుండా పడుకోవాలి. (మా తరగతిలో కదలకుండా పడుకునేవాళ్లు ఉన్నారనుకో, అది వేరే సంగతి.) 2009లో కొందరు చచ్చిన సాల్మన్ చేపను లోపల పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో చెప్పమన్నారు. ఊరికే కాకతాళీయంగా వచ్చే తేడాలను లెక్కల్లో ఏరి పారేయకపోతే ఆ చేప మెదడులోనూ చలనం కనిపించింది! మా ఊళ్లోనైతే ఆ చేప పులుసులోకి పోయేది.

సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో ఉంటూనే పట్టుబట్టారు. ఆయన ఏ స్కాను చూశారు?

నేను మాత్రం ఆ టొరంటో ప్రశ్నను దొంగిలించాను. ఇవాళ మావాడితో, "పాఠంలో ప్రాణమున్నవి ఏవో ఏరు" అన్నాను. పావుగంట పట్టింది. రెండు పదాలకు అర్థం వాళ్లమ్మనడిగాడు. చివరికి 'నఈ' అన్న ఒడియా మాట దగ్గర ఆగిపోయి, "నది కదా? మన మహేంద్రతనయకు ప్రాణం ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

సూరి మామయ్యను అడిగి చెబుతానన్నాను. దసరాకు వస్తావుగా, జవాబు సిద్ధం చేసుకో.

నీ
రాంబాబు