అహ్మదాబాద్ రిపోర్టు తెలుగులో కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న ఎయిర్ ఇండియా విమానం కూలింది, అప్పటి నుంచి ఇక్కడ తిరుపతిలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా దాని మీద రోజుకో కొత్త కథ. విదేశీ కంపెనీ మెయింటెనెన్స్ పేరుతో కావాలనే ఏదో చేసిందని ఒకటి, పైలట్ ఆత్మహత్య అని ఒకటి, బతికి బయటపడ్డ ఆ ఒక్క మనిషి అసలు విమానంలోనే లేడని ఇంకొకటి. ఈ చివరిది ఫార్వర్డ్ చేసేవాళ్లకు మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు. ఆయన సొంత తోబుట్టువు అదే విమానంలో చనిపోయాడు. విమానంలో 241 మంది, కింద మెడికల్ కాలేజీ హాస్టల్ దగ్గర 19 మంది, మొత్తం 260 ప్రాణాలు పోయిన చోట బతికినవాణ్ణి పట్టుకుని ‘నువ్వు అబద్ధం’ అంటున్నాం.

జూలై 12న, విమాన ప్రమాదాలపై దర్యాప్తు చేసే మన ప్రభుత్వ సంస్థ ఏఏఐబీ ప్రాథమిక నివేదిక బయటపెట్టింది. పదిహేను పేజీలు, ఇంగ్లీషులో. దాని గురించి గట్టిగా మాట్లాడేవాళ్లలో చదివినవాళ్లు చాలా తక్కువ, అది వాళ్ల తప్పని కూడా నేను అనను. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, నాకే కొన్ని చోట్ల ఆగి ఆగి చదవాల్సి వచ్చింది.

అందులో ఉన్నది ఇదీ. విమానం నేల వదిలిన కొద్ది సెకన్లకే రెండు ఇంజన్లకూ ఇంధనం ఇచ్చే స్విచ్‌లు ‘రన్’ (ఇంధనం వెళ్లే స్థితి) నుంచి ‘కటాఫ్’ (ఇంధనం ఆగే స్థితి)కి మారాయి, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఒక్క సెకను తేడా. ‘ఎందుకు ఆపావు’ అని ఒక పైలట్ అడిగితే ‘నేను ఆపలేదు’ అని రెండో ఆయన అన్నారు. పది నుంచి పధ్నాలుగు సెకన్లలో స్విచ్‌లు మళ్లీ ‘రన్’కి వచ్చాయి, ఒక ఇంజన్ కోలుకోవడం మొదలుపెట్టింది, కానీ అప్పటికే ఎత్తు లేదు, టైమూ లేదు. గాల్లోకి లేచినప్పటి నుంచి రికార్డింగ్ ఆగేదాకా అంతా కలిపి 32 సెకన్లు. విమానానికి ఇంధనం నింపిన ట్యాంకర్లలో మిగిలినది పరీక్షిస్తే బాగానే ఉంది, విమానం వెళ్లిన దారి దగ్గర పెద్దగా పక్షులు తిరిగిన జాడ లేదు. ఈ రెండు ముక్కలు తెలిస్తేనే ఊళ్లో తిరుగుతున్న సగం కథలు ఆగిపోతాయి.

ఆ స్విచ్ చెయ్యి తగిలితే పడిపోయే రకం కాదు, కొన్ని గ్యాస్ స్టవ్‌ల నాబ్ నొక్కి తిప్పితేనే తిరిగినట్టు దాన్ని పైకి లాగి జరపాలి. మరి ఎలా జరిగింది? రిపోర్టు చెప్పలేదు. కాబట్టి పైలట్ మీద తీర్పు ఇచ్చేసినవాళ్లు రిపోర్టులో లేనిది చెబుతున్నారు, ఆ కుటుంబాలు ఇవన్నీ వింటూనే ఉంటాయి.

అనుమానపడేవాళ్లందరినీ పిచ్చివాళ్లు అనడం కూడా నాకు ఒప్పుదల లేదు. మా వీధిలో ఒకాయన ‘ఏదో దాచిపెడతా ఉండారు మేడం’ అన్నారు. ఏం దాచారని అడిగితే ఆయన చెప్పలేకపోయారు గానీ, రిపోర్టులో ఖాళీలు నిజంగానే ఉన్నాయి. కాక్‌పిట్ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వలేదు, సారాంశం ఒక్క ముక్కలో రాశారు, ఏ మాట ఎవరిదో చెప్పలేదు. ఇలాంటి స్విచ్‌ల లాకింగ్ (పైకి లాగకుండా జరగనివ్వని ఏర్పాటు) సరిగా ఉందో తనిఖీ చేసుకోమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2018లోనే ఒక సూచన ఇచ్చింది, తప్పనిసరి కాదు కాబట్టి ఎయిర్ ఇండియా ఆ తనిఖీ చేయలేదని అదే రిపోర్టులో ఉంది. ప్రమాదం తర్వాత మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తనిఖీకి ఆర్డర్ వేసింది, ఎయిర్ ఇండియా చూసి ఏ లోపమూ లేదంది. అడగాల్సిన ప్రశ్నలు ఇవి. పైలట్ల సంఘాలు అడుగుతున్నాయి కూడా. విదేశీ కుట్ర వీడియోల గోలలో వాళ్ల మాట ఎవరికీ వినబడటం లేదు.

మొదట్లో వదిలేసిన ఖాళీ ఎంతకాలం ఉంటుందో మనకు తెలుసు. 1966లో తాష్కెంట్‌లో శాస్త్రి గారు చనిపోతే పోస్ట్‌మార్టం చేయలేదు, ఇవాళ్టికీ ఆ అనుమానం పోలేదు.

అందుకే ఈ ఉత్తరం. మీ పేపర్‌లో కూడా ‘వీడని మిస్టరీ’ లాంటి హెడ్డింగులు చూశాను, దయచేసి వాటి బదులు ఆ పదిహేను పేజీల్లో ముఖ్యమైనవి మామూలు తెలుగులో, ఒక ఫుల్ పేజీ వేయండి, స్విచ్ బొమ్మతో సహా. విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం మనిషి, తొందరపడి తేల్చేయవద్దని ఆయనే చెప్పారు. తుది నివేదికను తెలుగులోనూ మిగతా భాషల్లోనూ ఇంగ్లీషుతో పాటు అదే రోజు ఇవ్వమని ఆయన్ను మీరు అడగండి, మేమూ రాస్తాం. రేణిగుంటలో విమానం ఎక్కించి పిల్లల్ని విదేశాలకు పంపే తల్లిదండ్రులు మా చుట్టూ చాలామంది ఉన్నారు, వాళ్లకు అది చదివే హక్కు ఉంది.

— ఒక పాఠకురాలు, తిరుపతి