మీ బాపు రాసిన 53

హన్మకొండ
ఆదివారం పొద్దున

ఒరేయ్ సగంపూటా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం బతుకమ్మకు ముందు వచ్చింది. నేను కాగితం తీసేసరికి చలికాలం కూడా వెళ్లిపోతోంది. మూడుసార్లు మొదలుపెట్టాను. ఒకటి అమ్మ మందుల చీటీ కిందికి పోయింది, ఒకటి మీద టీ ఒలికింది, మూడోది ఏమైందో నాకే తెలియదు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలి ఆపరేషన్ అయింది. వాకర్ లేకుండా వంటింటి దాకా వచ్చి అందరి కూరలకూ వంకలు పెడుతోంది, అంటే బాగున్నట్టే. బోరు మోటారు మళ్లీ కాలింది. తమ్ముడి మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు పోయింది, రేటు మాత్రం అడగకు. 2027 జనగణన డ్యూటీ మా స్టాఫులో ఎవరెవరికి పడుతుందోనని అందరికీ టెన్షన్. ఈసారి కాగితాలుండవట, అంతా ఫోన్లోనే. ఇంతే.

ఇక అసలు సంగతి. మొన్న రాత్రి నాకు మీ బాపు కనిపించాడురా. కలలో కాదు, ల్యాప్‌టాప్‌లో. కనిపించాడంటే ఫొటో అనుకునేవు... ఆగు, వరుసగా చెప్పకపోతే నాకు మతి పోయిందనుకుంటావు.

మా చిన్నది కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోందని రాశాను కదా. ముసలితనంలో వితంతువులు ఎవరి దగ్గర ఉంటారు, ఏం పని చేస్తారు అన్నది దాని టాపిక్. మన దేశం, బంగ్లాదేశ్, కెన్యా, మెక్సికో, నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుందట. నాలుగు దేశాల లెక్కలు నీకెవరిస్తారే అని నవ్వాను. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు ఐపమ్స్ అని ఒకటి నడుపుతున్నారు నాన్నా, 1999 నుంచి ప్రపంచ దేశాల జనగణన లెక్కలు పోగుచేస్తున్నారు అంది. వందకు పైగా దేశాలవి, అన్నీ కలిపి 100 కోట్లకు పైగా మనుషుల వరుసలు. ఫలానా జిల్లాలో ఇంత జనాభా అని అచ్చువేసే పట్టికలు కావురా. ఒక్కో మనిషికి ఒక్కో వరుస: వయసు, చదువు, పెళ్లి, పని, ఇంట్లో ఎవరికి ఏమవుతారు. పేరు మాత్రం ఉండదు. రూపాయి అడగరు. ఎందుకు కావాలో రాసి అప్లికేషన్ పెట్టుకోవాలి, వాళ్లు సరేనంటే మనకు కావలసిన దేశాలు, ఏళ్లు, ప్రశ్నలు ఏరి తట్టలో వేసుకోవడమే. నిజంగానే దాన్ని డేటా కార్ట్ అంటారు! తయారయ్యాక మెయిల్ వస్తుంది.

మరి వీళ్లు ఇవన్నీ ఎక్కడ పట్టారంటావా? నేనూ అదే అడిగాను. ఒక్కో దేశం గణాంక శాఖతో మాట్లాడి, ఒప్పందం రాసుకుని తీసుకుంటారట. కొన్నిచోట్ల పాత లెక్కలు మాగ్నెటిక్ టేపుల మీద పడి ఉంటాయి. టేపు ఉంటుంది, దాన్ని చదివే మెషీన్ ఉండదు. మెషీన్ దొరికితే, ఏ అంకెకు ఏ అర్థమో చెప్పే పుస్తకం ఉండదు. మన హెడ్మాస్టర్ రిటైరయ్యాక బీరువా తాళం దొరకని కథ గుర్తుందా, అదే. లాటిన్ అమెరికా దేశాల పాత టేపులు చాలావరకు మిగిలాయంటే చిలీలోని సెలాడే అనే సంస్థ వాటి కాపీలు దాచిపెట్టింది కాబట్టి. అమెరికా వాళ్లదే 1890 జనగణన 1921 జనవరిలో వాషింగ్టన్‌లో అగ్గిపాలైంది. మిగిలిన కాగితాలను తర్వాత వాళ్లే పారేశారు. అంత గొప్ప దేశమే అట్లా చేస్తే మన బీరువాను ఏమనాలి చెప్పు.

సరే. మన దేశం నుంచి అక్కడున్నది జనగణన కాదు, నేషనల్ శాంపిల్ సర్వే వాళ్ల ఉద్యోగ సర్వేలు. చిన్నది "మొదటిది 1983 నాన్నా, 38వ రౌండు" అనగానే నా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

1983! ఎనిమిదో తరగతి, దసరా సెలవులు!

గుర్తొచ్చిందా? మీ అమ్మ నీ అల్లరి పడలేక "వీన్ని గూడ తోల్కపో" అని ఆ సర్వే రాయడానికి పోయే మీ బాపు వెంట క్యాంపుకు తోలడం, నువ్వు ఒక్కడివీ పోనని ఏడిస్తే నన్నూ తగిలించడం. పరకాల దాకా బస్సు, అక్కడి నుంచి నడక. ఆయన చంకలో ఫారాల సంచి, నా చేతిలో ఆయన గొడుగు. నీ చేతిలో ఏముండేదిరా? ఏమీ లేదు. పని చెప్తే సగం చేసి మాయమయ్యేవాడివి, అందుకే కదా ఆయన నీకా పేరు పెట్టింది. ఆయన అడిగే ప్రశ్న అట్లాంటిది మరి. నిన్న పొద్దటి పూట ఏం పని? మాపటి పూట ఏం పని? మొన్న? అటు మొన్న? వారం రోజులకూ అడగాలి, ప్రతి మనిషినీ అడగాలి. ఒక పూట పని దొరికితే సగం రోజు అని రాయాలి. నువ్వు ఇంట్లో చేసిన పనులకు కూడా ఆయన అట్లాగే లెక్క కట్టాడు. "వీనిది ఎప్పుడు సూడు సగం పూటే."

ఆ ముసలమ్మ గుర్తుందా నీకు? పదకొండు మంది ఉన్న ఇల్లు. నెత్తి మీద కట్టెల మోపుతో అప్పుడే వాకిట్లోకి వస్తోంది.

"ఏం పని జేస్తవమ్మా?"

"పనెక్కడిది బిడ్డా, ఇంట్లనే ఉంట."

"మరి గీ కట్టెలు?"

"అది పనా?"

మీ బాపు నవ్వలేదు. కట్టెలు ఎవరు తెస్తరు, పసులకు గడ్డి ఎవరు కోస్తరు, పిడకలు ఎవరు జేస్తరు అని ఒక్కొక్కటే అడిగి 93 అని రాశాడు. ఒట్టి ఇంటిపని అయితే 92, ఇంటిపనితో పాటు కట్టెలు, మేత లాంటివి తెస్తే 93. తర్వాత ఏడాదంతా మనం మన అమ్మలను తొంభై మూడు అని పిలిచి తన్నులు తిన్నాం. ఇప్పటికీ మా అమ్మ వంటింట్లో గిన్నె చప్పుడు చేస్తే నాకు లోపల 93 అనే వినిపిస్తుంది.

ఇక వయసు. "నీకెంత దోస్తె గంత రాసుకో" అందామె. వేరే ఎవరైనా 50 అనో 60 అనో వేసుకుని లేచేవాళ్లు. మీ బాపు లేవలేదు. రజాకార్ల గడబడ నాటికి పెండ్లయిందా? అయింది. పోలీస్ యాక్షన్ నాటికి పిల్లలా? పెద్దకొడుకు కడుపులో ఉన్నడు. అది మొదటి కాన్పేనా, అప్పటికి నీకెన్నేండ్లు? ఇట్లా అరగంట. చివరికి 53 అని రాశాడు. చంటివాళ్లు ఇద్దరిని వదిలేసినా ఇంకా తొమ్మిది మంది, ఏడు రోజులు, రోజుకు రెండు పూటలు, 126 పూటల లెక్క బాకీ ఉంది. నాకు ఆకలి నకనకలాడుతోంది. నువ్వు జామచెట్టు మీద ఉన్నావు.

(నల్లా వచ్చింది, బిందెలు పట్టి వచ్చాను. ఎక్కడున్నాం? ఆ, 53.)

మొన్న రాత్రి చిన్నది వయసుల బొమ్మ వేసి చూపించింది. నువ్వు చూడాలిరా! 30 దగ్గర ఒక బురుజు, 35 దగ్గర, 40, 45, 50, 60 దగ్గర బురుజులు. మధ్యలో 53లు, 57లు అంతా గుంటలు. మన ఓరుగల్లు కోట గోడలాగే ఉంది. సున్నాతో, ఐదుతో అయ్యే వయసులు చెప్పే అలవాటు అట్లా కనిపిస్తుందట, మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో. నేను ఆ 53 గుంట వైపే చూస్తూ కూర్చున్నాను. అందులో ఒక ఇటుక మీ బాపుది.

తర్వాత నాకు కోపం కూడా వచ్చింది. పని గడిలో 93 లేదు! "ఇంటిపని, పనివారిలో లెక్కలోకి రారు" అన్నట్టు ఇంకేదో కోడు ఉంది. ఇంత దూరం మోసుకెళ్లి ఆమె కట్టెల మోపు దారిలో పారేశారా అని అరిచాను. చిన్నది ఓపిగ్గా చెప్పింది. ఒక్కో దేశం ఒక్కో రకంగా అడుగుతుంది, ఒక్కో అంకె వేస్తుంది కాబట్టి అన్నింటికీ కలిపి కొత్త కోడు కడతారట. మొదటి అంకె అన్ని దేశాలకూ ఒకటే, వెనక అంకెల్లో ఆ దేశం తాలూకు వివరం. పెళ్లి గడి కూడా అంతే. పెళ్లి లేకుండా కలిసి బతికేవాళ్లకు మెక్సికోలో విడిగా చోటుంది (మీ మేనమామ సంగతి గుర్తొచ్చింది, రాయను). అసలు అంకెను మాత్రం పారేయరు, పక్కన ఇంకో వరుసలో అట్లాగే ఉంచుతారు. తీసి చూపించింది. 93. బారులు తీరి 93లు. అప్పుడు చల్లబడ్డాను.

ఇంకా ఒక తిప్పలుందట, ఊళ్లూ జిల్లాలూ మారిపోవడం. మనం పోయింది పరకాల తాలూకాకు, మండలాలు వచ్చింది 1985లో. 2011 జనగణనలో ఒక్కటిగా ఉన్న వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరు. మా అత్తగారి ఊరు ఏ జిల్లానో నేనే పెళ్లిపత్రిక చూసి చెప్పాలి. దేశదేశాల్లో ఇట్లా విడగొట్టిన వాటిని మళ్లీ కలిపి, అన్ని ఏళ్లకూ ఒకే హద్దు వచ్చేట్టు చేసేవాళ్లు అక్కడ విడిగా ఉన్నారట. ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపించింది, ఇంకా కొంచెం ఈర్ష్య కూడా...

సరే, నేను చేసిన వెధవ పని చెప్పాలి. దానికే ఈ ఉత్తరం.

వరుసలను ఎట్లా వడగట్టాలో చిన్నది చూపించింది. మొత్తం సర్వేలో 1,20,000 పైన ఇళ్లు, 6,00,000 పైన మనుషులు. అంటే ఒక్కో వరుస దేశంలో సగటున వెయ్యి మందికి పైగా బదులు నిలుస్తుంది. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని పెట్టింది, పల్లెలు అని పెట్టింది. ఇంతలో అమ్మకు రాత్రి మాత్రలు ఇవ్వడానికి లేచింది. నేను కుర్చీ జరుపుకున్నాను. ఆడమనిషి. వితంతువు. ఇంటి పెద్ద. పని 93. ఇంట్లో పదకొండు మంది. వయసు గడిలో 5 కొట్టాను, 3 కొట్టాను. చెయ్యి వణికింది, నిజం. ఎంటర్ నొక్కబోతుంటే వెనక నుంచి చెయ్యి వచ్చి ల్యాప్‌టాప్ మూసేసింది.

"ఏం జేస్తున్నవ్ నాన్నా?"

చెప్పాను. మీ బాపు, కట్టెల మోపు, 53, అన్నీ. అది కదిలిపోతుందనుకున్నాను. కదల్లేదు. "ఎవర్నీ గుర్తుపట్టే ప్రయత్నం చెయ్యనని నేను ఒప్పుకుని తీసుకున్న డేటా ఇది" అంది. నేను ఒప్పుకోలేదు కదా అన్నాను. యాభై ఆరేళ్లు వచ్చాయి, చూడు నా తెలివి. "అట్లయితే నీకు చూపించుడే నా తప్పు" అంది. ఆ మాటతో నాకు మొహం చెల్లలేదు.

దొరికినా అది ఆమేనని చెప్పలేమట. ఊరి పేరు ఉండదు, పేర్లు ఉండవు. కొన్ని దేశాల లెక్కల్లో అయితే కొన్ని ఇళ్లను కావాలనే ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు మార్చిపెడతారట, ఎవరూ వేలు పెట్టి చూపించకుండా. ఇట్లాంటి హామీలుంటేనే దేశాలు లెక్కలిస్తాయి, నీలాంటివాళ్లు నలుగురు తయారైతే తలుపులు మూసుకుంటాయి అని నాకే పాఠం చెప్పింది. పాతికేళ్లు లెక్కల పాఠాలు చెప్పినవాణ్ణి, తలకాయ దించుకుని విన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అంతా రాసుకున్నాక ముసలమ్మకు భయం పట్టుకుంది. "గిదంత ఎవలకు జెప్తవ్ సారూ? పట్వారికా?" అని అడిగింది. మీ బాపు సంచి మూసి "నీ పేరు నా కాయిదంల దాటి పోదమ్మా, ఎవలకు దెల్వది" అన్నాడు. ఆమె నమ్మలేదు. కొడుకును పిలిచి మళ్లీ చెప్పమంది. ఆయన మళ్లీ చెప్పాడు. అప్పుడే మనకు పల్లికాయ పెట్టింది. నువ్వు చెట్టు దిగింది కూడా అప్పుడే.

ఇది చెప్తే చిన్నది ఏమందో తెలుసా? "మరి ఆ తాత మాట నువ్వు తప్పుతవా?" అంది. తాత అంది. మీ బాపును అది ఒక్కసారి కూడా చూడలేదు.

బాపు పోయినప్పుడు నేను రాలేకపోయాను. ఎందుకో నీకు తెలుసు, నువ్వు ఏమీ అనలేదు, అదే నాకు... సరే, కలిసినప్పుడు.

ఈ ఉత్తరం మా పక్కింటాయన చేతికిస్తున్నాను. మధ్యాహ్నం కాజీపేటలో నాగపూర్ రైలెక్కుతాడు, నీకు స్టేషన్లో అందిస్తాడు. సకినాల డబ్బా కూడా ఉంది. సంక్రాంతివి కావు, అమ్మ నీకోసం మళ్లీ కూర్చుని చుట్టింది. డబ్బా వాపసు పంపు, అది నా పెళ్లినాటిది. చెల్లెమ్మకు...

ఆటో వచ్చినట్టుంది, హారన్ కొడుతున్నాడు. ఇంకొక్క మాట. ఆ ఊరి పేరు నాకు గుర్తు లేదు. మొన్నటి నుంచి తన్నుకుంటున్నాను, రావడం లేదు. నీకు గుర్తుంటే మాత్రం నాకు రాయకు.

నీ
గొడుగు