మీ అమ్మ పాటల క్యాసెట్లు పారెయ్యకు

ఏరా, ఎట్లా ఉన్నావ్? ఫోన్లో చెబితే సగం చెప్పి సగం మరిచిపోతానని ఉత్తరమే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ఊళ్లో ఇప్పుడు ఏడుగురం ప్రతి ఆదివారం పంచాయతీ పాత గదిలో కలుస్తున్నాం. మన ఊరి పాటలు, పంటల ముచ్చట్లు, పాత ఫోటోలు అన్నీ రికార్డ్ చేసి ఒక్కచోట భద్రం చేద్దామని మొదలుపెట్టాం. ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఆశా అక్క, టైలర్ అన్న, ఇంకా మనవాళ్లే. ఉన్నవి మా ఫోన్లు, ఒక పాత ల్యాప్‌టాప్, కాలర్‌కి పెట్టుకునే మైకులు రెండు.

ఈ పని మావల్ల అవుతుందా అని మొదట్లో చాలా టెన్షన్ పడ్డా. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో ఉంది కదా, దాని కథ తెలిశాక ధైర్యం వచ్చింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకి చెందిన ఊరి మహిళా సంఘాల్లోని దళిత మహిళలే నడిపే రేడియో అది. రేడియో ప్రసారాలు నడిచే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది మాత్రం 2006లో. లైసెన్స్ లేని ఆ ఏళ్లన్నీ వాళ్లు ఊరికే కూర్చోలేదు. కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డ్ చేసి, సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు! 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. ఆ తీర్పు చెప్పిన జస్టిస్ పి.బి. సావంత్ గారే వచ్చి ప్రారంభించారు.

1990ల చివర నుంచీ వాళ్లు వీడియో కూడా తీస్తున్నారు. చాలామందికి చదువు రాదు, అందుకని కెమెరా భాషకి తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూపిస్తే పటేల్ షాట్, అంటే ఊరి పెత్తందారు చూపు. కింద నుంచి పైకి చూపిస్తే బానిస షాట్. కళ్లకి సమానంగా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ సమానమే. ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరురా?

ఆ సంఘం షాట్ విలువ నాకు పెద్దవ్వ దగ్గర అర్థమైంది. ఆమె కింద కూర్చుని అనుములు ఒలుస్తోంది. నేను నిలబడి ఫోన్ పట్టుకుని పాత పంటల గురించి అడిగా. తల పైకెత్తి, ఎవరో ఆఫీసరుకి చెప్పినట్టు రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది. తర్వాతి వారం నేనూ పక్కన కూర్చున్నా. ఫోన్‌ని ఆమె కళ్ల ఎత్తులో బియ్యం డబ్బాకి ఆనించి, నేనూ రెండు గుప్పిళ్లు తీసుకుని ఒలవడం మొదలుపెట్టా. గంటంబావు మాట్లాడింది! పచ్చజొన్న, కంది, కొర్ర, తైదలు, గడ్డినువ్వులు ఒకే చెలకలో ఏ సాలు పక్కన ఏ సాలు పెట్టేవాళ్లో వేళ్లతో నేల మీద గీసి చూపించింది.

మొదటి పాట మాత్రం పోగొట్టుకున్నా. నాటు పాట మధ్యలో ఫోనొచ్చి రికార్డింగ్ ఆగిపోయింది. మిగిలిన ముక్కని వాట్సాప్‌లో పంపి, ఫోన్లో ఖాళీ లేదని అసలుది తీసేశా. చేతిలో మిగిలింది నాణ్యత తగ్గిన కాపీ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ముందు ఏరోప్లేన్ మోడ్, ఫ్యాన్ బంద్, చెవికి హెడ్‌ఫోన్. ఇంటికి రాగానే రెండు కాపీలు, ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఇంకొకటి టైలర్ అన్న ఇంట్లో హార్డ్ డిస్క్‌లో. ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పని చేస్తూ పాడేవారు అన్నది అదే రోజు ఆశా అక్క నోట్‌బుక్‌లో రాస్తుంది. అది రాయకపోతే పదేళ్ల తర్వాత ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఇంకో మాట. ఇవన్నీ వికీమీడియా కామన్స్‌లో, అంటే వికీపీడియా వాళ్ల ఫోటోలు, ఆడియోల వెబ్‌సైట్‌లో పెడదామని పిల్లలకి ఆశ. అక్కడ పెడితే ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా; ఇచ్చిన అనుమతి మళ్లీ వెనక్కి తీసుకోలేం. ఇది ముందే ప్రతి ఒక్కరికీ విడమర్చి చెబుతున్నాం. పెద్దవ్వ పంటల ముచ్చట పెట్టుకోమంది. ఒకరింట్లో పాలేరు పనికి జీతం ఉన్న నాటి సంగతులు మాత్రం "ఊళ్లో వినిపియ్యి బిడ్డా, బయట వద్దు" అంది. అది వేరే ఫోల్డర్‌లో ఉంది, అక్కడే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ నాయన టేప్ రికార్డర్లో మీ అమ్మ అప్పగింతల పాటలు రికార్డ్ చేసేవాడు, గుర్తుందా? అటక మీద బిస్కెట్ డబ్బాలో ఆ క్యాసెట్లు ఉండాలి. ఇల్లు ఖాళీ చేస్తున్నారని విన్నా, దయచేసి పారెయ్యకు. క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, అవి విరిచెయ్యి, ఇక దాని మీద పొరపాటున కూడా రికార్డ్ కాదు. బూజు కనిపిస్తే ప్లే చెయ్యకు, అట్లాగే తీసుకురా. పనిచేసే టేప్ ప్లేయర్ టైలర్ అన్న దగ్గర ఉంది, వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపి ఎక్కిద్దాం.

కానీ ముందు మీ అమ్మని అడుగు. ఆమె సరే అంటేనే. వీలైతే సంక్రాంతికి ఆమెని కూడా తీసుకురా, ఏ పాట ఎవరి పెళ్లిలో పాడిందో ఆమెకే తెలుసు.

ఉంటా మరి. పిల్లలని అడిగానని చెప్పు.